ఎవరూ నడపని ట్రాక్టర్

"నువ్వే నడిపావని చెప్పాలి" అన్నాడు డ్రైవరు, మోకాళ్లదాకా బురదలో నిలబడి.

గట్టు మీద క్యారియర్ పట్టుకుని నిలబడ్డ అతని భార్య మొగుణ్ణి వదిలేసి ముందు ట్రాక్టర్‌ని చూసింది. రైతుల సంఘం వాళ్ల కొత్త ట్రాక్టర్, వెనక చక్రాలు గట్టు మీద ఉంచి, దాహమేసిన గేదెలా కాలువలో మూతి పెట్టి ఉంది.

"అసలెలా పడింది?"

"నేనేం చేశాను? మీ తమ్ముడు ఫోన్ చేశాడు. మాట సరిగ్గా వినబడేది ఆ దిబ్బ మీదే కదా. దిగి నేనటు వెళ్లానో లేదో, ఇదిటు బయల్దేరింది."

"ఇంజను ఆపకుండానే దిగారా?"

"రెండు నిమిషాల పనికి ఆపడమెందుకని."

"అంత అర్జెంటుగా వాడికేం కావాలట?"

"పొట్ట తగ్గాలంటే ఏం తినాలి బావా, అని."

ఆమె మొగుడి పొట్టకేసి ఒకసారి చూసి, నవ్వాపుకుంటూ క్యారియర్ కింద పెట్టింది.

"నవ్వకు. బండి పాడుచేసినవాణ్ణి సీట్లోంచి దింపేస్తారు. అసలే రెండో డ్రైవరు కోసం చూస్తున్నారు, వాళ్లే నేర్పించి మరీ పెట్టుకుంటారట. వాడెవడో వచ్చి నా సీట్లో కూర్చుంటాడు. నీకేం పోయింది చెప్పు? లేని సీటు నీ దగ్గర్నించి ఎవరు లాక్కుంటారు?"

ఇందులో న్యాయం లేకపోయినా తెలివి ఉందని ఆమె ఒప్పుకుంది.

"సరే. కానీ ఏది తొక్కావు, ఏది లాగావు అని అడిగితే ఏం చెప్పను? గరిటె తిప్పాననా?"

నిజమే. నాకూ నేర్పండీ అని ఆమె రెండేళ్లుగా అడుగుతుంటే 'ఇది మిక్సీ కాదే' అంటూ వచ్చిన మనిషి, ఆ బురదలోనే నిలబడి పది నిమిషాల్లో ట్రాక్టరంతా నేర్పేశాడు. ఎడమ కాలికి క్లచ్. కుడి కాలికి రెండు బ్రేకులు, రోడ్డెక్కేముందు ఆ రెండింటినీ కలిపే గొళ్లెం. ఇదిగో గేర్లు, ఇదిగో నాగళ్లు ఎత్తి దించే మీట. ఆమె బుద్ధిగా తలూపుతూ వింది.

"దిగేముందు నాగళ్లు దించాలా, ఇంజను ఆపాలా?"

"ఏదో ఒకటి."

"నాగళ్లు నేలకి దించి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఆ తర్వాత ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకోవాలట."

"నీకెవరు చెప్పారే?"

"బండితో పాటు వచ్చిన పుస్తకం. మీరు తెచ్చి పడేస్తే అలమారలో డబ్బాల కింద పరిచాను. డబ్బా తీసినప్పుడల్లా ఓ పేజీ చదివాను."

డ్రైవరు అప్పుడు ఆమెను కిందనించి పైకి చూశాడు. "ఇవాళ క్యారియర్ గంట ముందే వచ్చిందేం? ఆ బూట్లేంటి?"

"దారంతా ముళ్లు."

ఇంతలో గట్టు చివర మోటార్ సైకిల్ చప్పుడైంది. సంఘం సూపర్‌వైజరు.

"అప్పుడే ఈయనకి ఉప్పందించిందెవరు?" అని గొణిగాడు డ్రైవరు.

సూపర్‌వైజరు చంకలో అట్టతో దిగి, ట్రాక్టర్ చుట్టూ వీలైనంత మేర రెండుసార్లు తిరిగాడు. తిట్టలేదు. డ్రైవరుకి దాంతోనే ఎక్కువ భయమేసింది.

"ఎవరు నడిపారు?"

"మా ఆవిడే సార్. నేనిలా మంచినీళ్లకి వెళ్లాను, అలా ఎక్కేసింది."

"మీరేనా అమ్మా?"

"ఆయన చెబుతున్నారుగా" అందామె.

"వాలు మీద దిగాల్సి వస్తే ఏం చేయాలి?"

ఆమె నాగళ్ల దగ్గర మొదలుపెట్టి జేబులో తాళం దాకా వరసగా చెప్పింది.

"మలుపులో?"

"ముందే వేగం తగ్గించాలి. ఒక్క బ్రేకే తొక్కితే బండి తిరగబడుతుంది."

"పక్కన మడ్‌గార్డ్ మీద ఎవరైనా ఎక్కి కూర్చుంటే?"

"దింపేయాలి. అత్తగారైనా సరే."

సూపర్‌వైజరు ప్రతి జవాబుకీ అట్ట మీద ఏదో రాసుకున్నాడు. డ్రైవరుకి ఛాతీ పొంగి, నోరు ఆగలేదు. "అన్నీ నేనే నేర్పాను సార్."

"అలాగా. చక్రాల ముందు రెండు పెద్ద రాళ్లు పెట్టు. అమ్మా, మీరెక్కి క్లచ్ తొక్కండి."

ఇంజను నీళ్లు తాగి ఎప్పుడో ఆగిపోయింది. ఆమె పిడి పట్టుకుని, మెట్టు మీద బూటు ఆనించి జాగ్రత్తగా ఎక్కింది. కూర్చుని ఎడమ కాలు చాపింది. ఎంత చాపినా క్లచ్ ఇంకా జానెడు దూరంలోనే ఉంది.

సూపర్‌వైజరు డ్రైవరు వైపు తిరిగాడు. "ఇంత వెనక్కి జరిపిన సీట్లోంచి ఈవిడ బండి ఎలా నడిపారయ్యా? కాలు సాగిందా?"

డ్రైవరు బురదలో ఇంకో అంగుళం దిగాడు. "ఎవరూ నడపలేదు సార్. అదే వెళ్లింది."

"తాళం బండికే వదిలి దిగావన్నమాట. నెల రోజులు సీటెక్కకు. ముందు శిక్షణకి పోయి దిగడం నేర్చుకో."

"దుక్కి సగంలో ఉంది సార్, నెల రోజులూ ఎవరు నడుపుతారు?" సూపర్‌వైజరు అట్ట మీద రాసుకుంటూనే ఉండేసరికి డ్రైవరుకి ఒళ్లు మండింది. "అసలు బండి పడిందని మీకు చెప్పిందెవరో అది చెప్పండి."

"ఎవరూ చెప్పలేదు, వచ్చాకే చూశాను" అంటూ సూపర్‌వైజరు అట్ట మీది కాగితం కింద సంతకం గీకి, సీట్లో కూర్చున్నావిడకి అందించాడు. "రెండో డ్రైవరు పనికి ఈవిడ పెట్టుకున్న దరఖాస్తుకి ఇవాళ ఇక్కడే నోటి పరీక్ష."