వెంట్రుకవాసి

"ఇక్కడే పెట్టానండీ. ఇందాకే కదా మీకు చూపించాను?" అంటూ స్కానింగు అమ్మాయి బల్ల కింద మరోసారి వంగి చూసింది.

"చూపించావు తల్లీ," అన్నాడు టైలరు మాస్టారు. ఆయన కూడా కుర్చీ దిగి, పాపం, మోకాళ్ల మీద కూర్చుని వెతకసాగాడు.

అమ్మాయి డాక్టరుగారిని ఒక మాట అడగడానికి పక్కగదిలోకి వెళ్లి వచ్చేసరికి, చెయ్యి కదలకుండా కట్టే గుడ్డపట్టీ కనబడకుండా పోయింది. దానికి కాళ్లొచ్చినట్టుంది.

అది లేకపోతే పని జరగదు. ఆ యంత్రం కత్తి పెట్టకుండా, సూది గుచ్చకుండా, ఒట్టి వెలుతురుతోనే చర్మం లోపలి పొరలన్నీ బొమ్మ కట్టి చూపిస్తుంది. కాకపోతే మహా సుకుమారం. చెయ్యి వెంట్రుకవాసి కదిలినా బొమ్మంతా అలుక్కుపోతుంది.

మాస్టారి కుడి బొటనవేలి మొదట్లో ఉన్న పుట్టుమచ్చ ఈమధ్య నల్లబడి, కాస్త పెరిగింది. చిన్న ముక్క కోసి పరీక్షకు పంపుదామని మొదట చూసిన డాక్టరు అంటే, "కత్తెర పట్టే వేలండీ ఇది" అని లేచి వచ్చేశాడు. ఆ రోజు నుంచి భార్య ఆయనతో మాట్లాడడం మానేసింది. కోయకుండా చూసే యంత్రం ఉందని వాకబు చేసి తీసుకొచ్చిందీ ఆవిడే, ఇప్పుడు వరండాలో ముఖం తిప్పుకొని కూర్చున్నదీ ఆవిడే. ఇదంతా మాస్టారు వచ్చీరాగానే అమ్మాయికి చెప్పుకున్నాడు.

"మచ్చ సంగతి దేవుడెరుగు. ఇల్లు మూగబోయింది తల్లీ. కుట్టుమిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు," అని నిట్టూర్చాడు కూడా.

"నేనే పట్టుకుందామంటే నా రెండు చేతులూ యంత్రానికే సరిపోతాయి," అంది అమ్మాయి వెతకడం మానేసి. "మీ ఆవిడగారిని పిలవనా?"

"నేను పిలిస్తే రాదు. నువ్వు పిలిచి చూడు."

ఆవిడ వచ్చింది. పట్టీ పోయిందని విని, "ఈయన ఉన్నచోట వస్తువు నిలుస్తుందా? టేపు మెడలో వేసుకునే ఇల్లంతా వెతుకుతారు," అని అమ్మాయితో చెప్పింది, మాస్టారు ఆ గదిలో లేనట్టే. తర్వాత ఆయన మణికట్టును వేడిగిన్నె పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుంది.

తెర మీద అంతా మసక.

"అలా కాదమ్మా. రెండు చేతులతో, గట్టిగా."

పట్టుకుంది. గీతలు తేరుకున్నట్టే తేరుకుని మళ్లీ చెదిరాయి.

"కదలకండి," అంది ఆవిడ.

మాస్టారు చటుక్కున తలెత్తాడు. "నాతోనేనా?"

"మాట్లాడకండి మాస్టారూ, కథ మళ్లీ మొదటికొచ్చింది," అంది అమ్మాయి నవ్వాపుకుంటూ.

ఈసారి ఆయన ఊపిరి కూడా పొదుపుగా తీశాడు. తెర మీద పొర కింద పొర తేటగా తేలింది. "అచ్చం పైగుడ్డ, కింద లైనింగు..." అని గొణగబోయి, భార్య ముఖం చూసి నోరు మూశాడు. ఆవిడ తెర వంక చూడడం లేదు. మచ్చనే చూస్తోంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

డాక్టరుగారు వచ్చి బొమ్మలన్నీ నిదానంగా చూశారు. "మచ్చ పైపొరలోనే ఉంది, కిందికి దిగలేదు. భయం లేదు, కోయక్కర్లేదు. ఆరు నెలలకోసారి వచ్చి ఇలాగే చూపించుకోండి చాలు," అని వెళ్లారు.

"నా ప్రాణం తోడేశారు కదండీ ఇన్నాళ్లూ," అంది ఆవిడ మొగుడితో. ఇక గట్టు తెగింది. వేళకు తినరని, చీకట్లో కాజాలు కుడతారని, చెప్పిన మాట ఒక్కటీ వినరని వరసపెట్టి దులిపేసింది. మాస్టారు ప్రతిదానికీ తలూపుతూ, పాయసం తాగినవాడిలా కూర్చున్నాడు. అమ్మాయికి కూడా ఆ తిట్లు వింటుంటే హాయిగా ఉంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ఆవిడా వదల్లేదు.

"అయిపోయిందమ్మా, ఇక వదిలెయ్యొచ్చు," అని అమ్మాయే చెప్పాల్సి వచ్చింది.

ఆవిడ సిగ్గుపడి, "కిందికెళ్లి బండి పిలుస్తాను, తొందరగా రండి," అంటూ ముందు నడిచింది.

"ఇవాళ మీ ఇద్దరికీ శ్రమ ఇచ్చాను మాస్టారూ. మళ్లీ వచ్చేసరికి కొత్త పట్టీ తెప్పిస్తాను," అంది అమ్మాయి.

గుమ్మం దాకా వెళ్లిన మాస్టారు ఆగాడు. వరండా వైపు ఒకసారి తొంగిచూసి వెనక్కి వచ్చాడు.

"కొత్తది దేనికి తల్లీ?"

జేబులోంచి పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు.