రంగు కలిపారా?

సోమవారం పొద్దున రెబ్కా చేతిలో ఉన్నవి ఇవి: ఒక ఫోను, దాన్ని నిలబెట్టే స్టాండు, ఆరు రోజుల గడువు. ఎదురుగా ఉన్నది ఒక్కటే. కారం ప్యాకెట్ వీడియో కింద 'ఊరిమనిషి' అనే పేరుతో ఎవరో పెట్టిన కామెంటు.

"ఇంత ఎరుపు ఎక్కడిదండీ? రంగు కలిపారా?"

జయరావు గారు ఫోనును బల్ల మీద పెట్టి ఆమె వైపు తోశారు. "వినుకొండలో ముప్పై ఏళ్ల కొట్టమ్మా మాది. నా ఎదురుగా నిలబడి ఈ మాట అన్నవాడు లేడు. నీ ఆన్‌లైన్ పుణ్యమా అని అదీ చూశాను."

"ఆ కామెంటు తీసేస్తే అనుమానం ఇంకా పెరుగుతుందండి."

"నాకదంతా తెలీదు. శనివారం ఒక్కరోజులో పాతిక ఆర్డర్లు కనపడాలి. లేదంటే ఈ పేజీ మూసేద్దాం. నువ్వూ వేరే పని చూసుకో."

రోజుకు మూడు ఆర్డర్లు వచ్చే పేజీ అది. వేరే పనంటే గుంటూరు పోవాలి. మంచం పట్టిన అమ్మను వదిలి పోవడం కుదరదు. ఇక మిగిలింది మిరపకోత.

రెబ్కా బయటికొచ్చి శ్రీరమ్యకు ఫోన్ చేసింది. గుంటూరులో ఎనిమిదేళ్లుగా ఇలాగే కొట్లకు ఆన్‌లైన్ పేజీలు నడుపుతున్న సీనియర్ ఆమె.

"బ్లాక్ చేసెయ్," అంది శ్రీరమ్య. "వీడియోలో ఆడపిల్ల కనపడితే చాలు, ఒకడు తగులుకుంటాడు. ఇవాళ రంగంటాడు, రేపు నీ నంబరడుగుతాడు. ఈ పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే."

"కానీ అక్కా, ఆ ప్రశ్న కింద పదకొండు మంది 'మాకూ చెప్పండి' అని రాశారు."

"సరే, నీ ఇష్టం. తర్వాత ఏడుస్తూ ఫోన్ చెయ్యకు."

రెబ్కా బ్లాక్ మీదికి వేలు తీసుకెళ్లి ఆపేసింది. గ్లాసుతో నీళ్లు తెచ్చి, ఫోను నిలబెట్టి, చెంచాడు కారం నీళ్ల మీద చల్లింది. రంగు కలిపిన కారమైతే దిగే ఎర్రచారలేవీ నీళ్లలోకి దిగలేదు. మూలన చాప మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్న జయరావు గారి తల్లి రాజరాజేశ్వరి గారు ఓసారి తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డారు.

సాయంత్రానికి ఏడు ఆర్డర్లు.

మంగళవారం ఊరిమనిషి మళ్లీ వచ్చాడు. "తొడిమలతో ఆడించారా? తొడిమల బరువు కూడా మాకే అమ్ముతున్నారా?"

రెబ్కా ఫోను పట్టుకుని చాప దగ్గరికి వెళ్లింది.

"మొహం చూపించకు అమ్మాయ్. చేతులు చాలు," అన్నారు పెద్దావిడ.

ఆ రోజు పదకొండు. బుధవారం, "చవక గింజలు విడిగా కొని కలిపితే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. రెబ్కా మర దగ్గరే నిలబడి బస్తా విప్పడం నుంచి కారం రాలడం దాకా చూపించింది. పదహారు. సంతలో బేరమాడేవాడి చుట్టూ మూగినట్టు ఆ ప్రశ్నల చుట్టూ జనం మూగుతున్నారు.

జయరావు గారికి మాత్రం నిద్ర పట్టలేదు. గురువారం కొట్టు తెరుస్తూనే అన్నారు: "గింజల సంగతి మామూలు మనిషికి తెలీదమ్మా. వీడెవడో మన వ్యాపారంలోవాడే. రేపు గోడౌన్లో ఎలుకలున్నాయంటాడు. నా ముందే బ్లాక్ చెయ్యి."

చేసింది. ఆ రోజు నాలుగు ఆర్డర్లు. శుక్రవారం మూడు. కింద 'బాగుంది' అని ఐదుగురు, చప్పట్ల బొమ్మలు రెండు.

శనివారం పొద్దున్నే, జయరావు గారికి చెప్పకుండా, రెబ్కా బ్లాక్ తీసేసింది. తొమ్మిదయింది. పదయింది. రెండు నిమిషాలకోసారి ఫోను చూస్తూనే ఉంది. తనను దొంగన్నవాడి కోసం ఇంతగా ఎదురుచూడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. పదకొండుకి రెండే ఆర్డర్లు. పదకొండుంబావుకి ఫోను టింగుమంది, ఊరిమనిషి కామెంటు.

"నోరు నొక్కేస్తే అయిపోతుందా? ఒకటి చెప్పండి. మీ ఇంట్లోనూ ఇదే కారం వాడతారా, లేక మాకొకటీ మీకొకటీనా?"

కొట్టు వెనకే జయరావు గారి ఇల్లు. పనిలో చేరిన ఏడు నెలల్లో రెబ్కా ఆ గడప దాటలేదు. ఎవరూ దాటమనలేదు. ఇప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడింది. రాజరాజేశ్వరి గారు పొయ్యి దగ్గరున్నారు.

"అమ్మగారూ, మీ కారం డబ్బా లైవ్‌లో చూపించాలండి. లోపలికి రావచ్చా?"

ఆవిడ ఆమెను ఎగాదిగా చూశారు. "చెప్పులు విప్పి రా. కూర మాడుతోంది, త్వరగా కానీ."

ఒక పళ్లెంలో డబ్బాలోని కారం, ఇంకో పళ్లెంలో ప్యాకెట్ చింపి పోసిన కారం. రెండూ ఒకటే. రెండో పళ్లెంలోంచే రెండు చెంచాలు తీసి గుత్తొంకాయలో వేశారు పెద్దావిడ. చూసేవాళ్లు కారం సంగతి వదిలేసి, కూర ఎలా చెయ్యాలో అడగడం మొదలుపెట్టారు.

"ముప్పై ఒకటా?" సాయంత్రం జయరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "సరే, నువ్వు ఉండమ్మా. ఆ ఊరిమనిషి దొరికితే మాత్రం వాణ్ణి వదలను." షట్టరు సగం దించి బండి తీశారు.

ఆరు రోజుల లెక్క చూసుకుంటే రెబ్కాకు మిగిలినవి: నిలిచిన ఉద్యోగం, పేజీకి కొత్తగా చేరిన ఎనిమిది వందల మంది, గిన్నెడు గుత్తొంకాయ కూర. ఆ గిన్నె చేతికిస్తూ రాజరాజేశ్వరి గారు కొడుకు బండి మలుపు తిరిగేదాకా ఆగి, గొంతు తగ్గించారు.

"కాటా తుడిచి పెట్టుకో అమ్మాయ్, సోమవారం తూకం గురించి అడుగుతాను. ఈసారి మాత్రం నన్ను బ్లాక్ చెయ్యకు."