దిగినవాడి భోజనం

"వదినా, నూడుల్సేంటి? రేపు ఊరెళ్లేవాడికి కుడుములు కదా పెట్టాలి! మన షెన్యాంగ్ ఊరి పద్ధతే మర్చిపోయావా?" కెనడా నుంచి వచ్చిన జెంగ్‌హావో కొనుగోళ్ల సంచుల మధ్య కూర్చుని నవ్వాడు.

"మర్చిపోలేదు మరిదిగారూ. ఊళ్లో దిగినవాడికి నూడుల్స్, వెళ్లేవాడికి కుడుములు," అంది గ్వైలాన్ గిన్నె ఠక్కున పెట్టి. "నెలరోజులుగా పట్టుబట్టల కొట్లన్నీ తిరిగావు. పెద్దింటి స్నేహితుల దగ్గర బాతుమాంసం తిన్నావు. మా గుమ్మంలో దిగింది ఇవాళేగా?"

"తీరిక దొరకలేదు వదినా!"

"కొట్లకు దొరికిందిగా!"

జెంగ్‌హావో దిక్కుతోచక ఆమె భర్త షూమిన్ వైపు చూశాడు. చిన్ననాటి స్నేహితుడు తలెత్తలేదు.

"ఆయన్నేం చూస్తావు? నువ్వొచ్చావని తెలిసిన దగ్గర్నుంచీ రోజూ సాయంత్రం నూడుల్స్ వండించడం, ఎదురుచూడటం, చల్లారాక తినడం. ఇదే పని!"

జెంగ్‌హావో చుట్టూ ఉన్న సంచులను పక్కకు నెట్టాడు.

షూమిన్ గిన్నెను అతని ముందుకు జరిపాడు. "తినరా. ఇవాళ వేడిగా ఉన్నాయి."