క్రేదోలో కొట్టేసిన వాక్యం

చీకటి పడ్డాక సాల్జ్‌బర్గ్ కొండల్లోని ఆ చర్చిలో బలిపీఠం ముందు నలుగురు కొవ్వొత్తి వెలుగులో పాడుతున్నారు. రేపటి పూజ అరగంటలో ముగియకపోతే వెండెలిన్‌ను తీసేసి వేరే గాయక గురువును పెట్టుకుంటానని కొత్త ఫాదర్ హెచ్చరించాడు. అందుకే వెండెలిన్ తాను స్వరపరిచిన లాటిన్ పూజాగీతంలో, విశ్వాసాన్ని ప్రకటించే క్రేదో నుంచి ఒక వాక్యం కొట్టేశాడు: 'చనిపోయినవారు తిరిగి లేచే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.'

ఆ చోటు రాగానే ఒక ఆడగొంతు ఆ వాక్యాన్ని పాడింది.

"నోట్‌బుర్గా! అది తీసేశానని చెప్పానా లేదా?" వెండెలిన్ ఆ నలుగురిలో ఉన్న ఒక్క ఆడమనిషి మీద అరిచాడు.

"నేను కాదు గురువుగారూ, మరియమ్మ తల్లి మీద ఒట్టు!"

"ఫాదర్‌గారి సూప్ చల్లారకూడదని చచ్చినోళ్ల ఆశ కత్తిరించారు కదా, ఎవరికో మండింది," అన్నాడు రొట్టెలు కాల్చే కొర్బీనియన్.

వెండెలిన్ అందరినీ నోరు మూసుకోమన్నాడు. అందరూ మూసుకున్నాక ఆ వాక్యం మళ్లీ వినిపించింది. ఈసారి అది చర్చి నేలలోని సమాధుల మీద పరిచిన రాతిపలకల కింద నుంచి వచ్చింది. చివరి మాటకు ముందు దొంగతనంగా ఊపిరి తీసుకునే ఆ అలవాటు వెండెలిన్‌కు బాగా తెలుసు. అది కిందటి చలికాలంలో పోయిన అతని భార్య ఆఫ్రాది.

"రాసేయండి గురువుగారూ," నోట్‌బుర్గా ఏడ్చింది. "కొలువు పోతే పోయింది!"

అతను వాక్యాన్ని తిరిగి రాశాడు. నలుగురూ దాన్ని పూర్తిగా పాడారు. కింద గొంతు ఆగిపోయింది. కొర్బీనియన్ చెమట తుడుచుకున్నాడు.

అప్పుడు ఆఫ్రా పేరు చెక్కిన పలక, లోపలి నుంచి ఎవరో తోస్తున్నట్టు, మెల్లగా పైకి లేచింది.