తిమింగలం గొంతు

"మనిషి దిగడు నాన్నా. ఆ గొంతులో కొబ్బరికాయ కూడా దిగదు," అంది మార్త.

పామర్రు చర్చి ఆవరణలో, వెదురు బద్దలతో గోనెపట్టాలతో కట్టిన తిమింగలం ముందు నిలబడి అందా మాట. ఎదురుగా వాళ్ల నాన్న పాస్టరు అబ్రహాము గారు. ఇద్దరి మధ్యా, టెరిలిన్ చొక్కా మీద పెట్టుడుగడ్డంతో జాన్‌బాబు. పాపం, అతగాడి అవస్థ ఏం చెప్పమంటారు!

మర్నాడే కోతల పండగ నాటకం. దేవుడు పొమ్మన్న ఊరికి పోకుండా ఓడెక్కి పారిపోయిన ప్రవక్తని ఓ పెద్ద చేప మింగి, మూడు రోజులయ్యాక ఒడ్డున కక్కేసిన కథ. ప్రవక్త వేషం జాన్‌బాబుది. అతనికి నాటకాల పిచ్చేం లేదు. ఉన్న పిచ్చల్లా మార్త. అందుకే ప్రతి ఆదివారం భవానీపురం నుంచి బస్సులో వేళ్లాడుతూ వచ్చేవాడు. నాటకం అవగానే వాళ్లమ్మ సంపూర్ణమ్మ పళ్లబుట్టతో పిల్లనడగడానికి సిద్ధంగా ఉంది.

మార్త బెజవాడ కాలేజీలో జువాలజీ చెబుతుంది. బొమ్మ కట్టిన ఈ జాతి తిమింగలాలకి పళ్లే ఉండవట. నోట్లో జల్లెడ ఉంటుందట. ఒడ్డు దాపులకి వచ్చి, చెరువెడు నీళ్లు నోట్లోకి పట్టి, ఆ నీళ్లన్నీ జల్లెడలోంచి బయటికి నెట్టేసి, మిగిలిన చిట్టి రొయ్యలతో కడుపు నింపుకుంటాయట.

"వేట ఓడలొచ్చి వాటి వంశాన్నే ఊడ్చేస్తున్నాయి. మిగిలిన కాసిన్నిటి మీదా మనుషుల్ని మింగాయని నిందేస్తే ఎలా?" అంటూ కళ్లు తుడుచుకుంది.

చిట్టి రొయ్యల కోసం వాక్యాన్ని మార్చేది లేదన్నారు పాస్టరు గారు. వాక్యంలో ఉన్నది చేప, ఇది చేపే కాదంది కూతురు. ఇంతకీ ఆ బొమ్మ కట్టింది కొండపల్లి ఇమామ్. మార్త చెప్పినట్టే నోట్లో కొబ్బరీనెలతో జల్లెడ కట్టి, దాని వెనక గోనెపట్టాకి పిడికెడు కంత వదిలి, అదే గొంతన్నాడు. దాన్ని రేపటికల్లా మనిషి పట్టేంత కోసెయ్యమన్నారు పాస్టరు గారు. కోస్తే ఊరుకోనంది మార్త. ఇమామ్ ఇద్దరికీ తలూపి, కత్తెర గూట్లో పెట్టేసి టీ తాగడానికి వెళ్లిపోయాడు.

పాస్టరు గారు జాన్‌బాబుని పక్కకి పిలిచి, రేపు తిమింగలం నిన్ను మింగకపోతే మా గడప తొక్కొద్దని చెప్పేశారు. గేటు దగ్గర మార్త ఆపింది.

"జాన్‌బాబు గారూ, మీరు గనక ఆ గొంతు దాటి లోపలికెళ్లారో, పళ్లబుట్ట తీసుకురావద్దని మీ అమ్మగారితో చెప్పండి."

దాటనని మాటిచ్చేశాడు. లోపలికెళితే పిల్ల దక్కదు, వెళ్లకపోతే పిల్లనివ్వరు. బస్సులో జుట్టు పీక్కున్నాడు. ఉయ్యూరు దాటాక బుర్ర వెలిగింది. నోరు వేరు, గొంతు వేరు! నోట్లోకి దూకి ముడుచుకుంటే దవడలు పడతాయి. జనానికి మింగినట్టే ఉంటుంది, తను మాత్రం గొంతు దాటడు. ఆ సంబరంలో ముందు సీటాయన వీపు చరిచి, ఎందుకు చరిచాడో చెప్పలేక ఇకిలించాడు.

మర్నాడు సాయంత్రం చర్చి ఆవరణంతా జనం. ముందు వరసలో పళ్లబుట్టతో సంపూర్ణమ్మ. పక్కన మార్త కుర్చీ ఖాళీ. అలిగి ఇంట్లోనే ఉండిపోయిందన్నారెవరో. జాన్‌బాబు ఆ కుర్చీకేసే చూశాడు. తను మాట నిలబెట్టుకోవడం ఆవిడ చూడకపోతే ఎలా?

తుఫాను లేచింది. ఓడవాళ్లు అతన్ని ఎత్తి విసిరారు. తిమింగలం నోరు తెరిచింది. గొంతు కోశారో లేదో అతను చూడలేదు, చూడదలుచుకోలేదు. నోట్లోనే ముడుచుకున్నాడు. లోపల్నుంచి తాడు లాగగానే దవడలు టపీమని మూసుకున్నాయి. అయితే ఆరడుగుల మనిషి కదా, మోకాళ్ల నుంచి కాళ్లు రెండూ బయటే ఉండిపోయాయి.

జనం గొల్లుమన్నారు. "దాని గొంతుకి అడ్డం పడ్డట్టుందే, కాసిని మంచినీళ్లు పట్టండి," అంది చర్చి ఊడ్చే బుల్లెమ్మ.

పాస్టరు గారు గాభరాగా పాటవాళ్లకి సైగ చేశారు. చేప కడుపులో మూడు రోజులకీ కలిపి రెండు పాటలని ఏర్పాటు. మొదటిది అందుకున్నారు. ఆయన తిమింగలం పక్కకొచ్చి, లోపలికి పోవయ్యా అని పళ్లు కొరికారు. జాన్‌బాబు కదల్లేదు. కొబ్బరీనెలు చెవిలో గుచ్చుకుంటున్నాయి. గడ్డం ఊడి నోట్లోకొచ్చింది. అయినా కదల్లేదు. లోపల తాడు లాగిన మనిషి, ఇమామే కాబోలు, చొక్కా పట్టుకు గుంజడం కూడా మొదలైంది.

"లాగకండి ఇమామ్ గారూ," అన్నాడు గడ్డం ఉమ్మేసి, ఏడుపు గొంతుతో. "అయ్యగారు పిల్లనివ్వకపోతే మానె. గొంతు దాటనని ఆవిడకి మాటిచ్చాను. దాటను."

గుంజుడు ఆగింది. లోపల గాజులు గలగలమన్నాయి. బయట మొదటి పాట అయిపోయింది.

ఇన్నాళ్లూ 'జాన్‌బాబు గారూ' అని తప్ప పిలవని మనిషి చీకట్లోంచి గుసగుసగా అంది: "ఏవండీ, మీరు మా గడప తొక్కాలనే ఆ గొంతు పొద్దున్నే నేనే కోసి పెద్దది చేశాను. మూడు రోజుల్ని మా నాన్న రెండు పాటలకి కుదించారు, ఒకటి అప్పుడే అయిపోయింది, త్వరగా లోపలికి రండి!"