ఎడమవైపు ఎరుపు

"చప్పుడు గురించైతే పక్క కిటికీ," అన్నాడు సార్జంటు తలెత్తకుండా.

"చప్పుడు గురించి కాదండీ. లైట్ల గురించి."

అప్పుడు తలెత్తాడు. డెబ్భై ఏళ్ళావిడ. దళసరి కళ్ళద్దాలు. చేతిలో మడత పెట్టిన కాగితం.

పోలీసు హెలికాప్టర్లు దిగే చోట, గేటు పక్కనే ఫిర్యాదుల గది. పదేళ్ళుగా సార్జంటు ఉద్యోగం అక్కడే. పసిపిల్ల నిద్ర లేచిందనో, కిటికీ అద్దాలు అదిరాయనో జనం వస్తూనే ఉంటారు. లైట్ల కోసం వచ్చినవాళ్ళు మాత్రం లేరు.

కాగితంలో రెండే వాక్యాలు.

'నిన్న సాయంత్రం ఆరూ ఇరవైకి మీ హెలికాప్టర్ మా డాబా మీదుగా వెళ్ళింది. ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, తోక మీద తెలుపు, మూడూ వెలగలేదు.'

సార్జంటుకి నవ్వొచ్చింది. దొంగల్ని వెంటాడేటప్పుడు వాళ్ళ కంట పడకుండా పైలట్లే లైట్లు ఆర్పేస్తారు. ఆ సంగతి బయటివాళ్ళకి చెప్పకూడదు.

"చూస్తాంలెండమ్మా."

"మీరే ఆర్పారా, లేక వెలగలేదా? అదొక్కటి చెప్పండి చాలు."

"అలాంటివి చెప్పకూడదమ్మా."

ఆవిడ వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఆ తరవాత మళ్ళీ. ప్రతిసారీ ఒక కాగితం. తేదీ, టైము, రంగులు. గదిలోవాళ్ళు ఆవిడకి 'లైట్లమ్మ' అని పేరు పెట్టేశారు.

"పెద్దమ్మా, మీ ఇంట్లో టీవీ లేదా?" అనడిగాడు ఓసారి సార్జంటు.

"ఉంది బాబూ. దానికంటే మీ హెలికాప్టరే నయం."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. తరవాత కాగితం ముందుకు జరిపింది.

"ఈసారి ఒక్క ఎరుపే వెలగలేదు. మిగతా రెండూ వెలిగాయి. ఇది వేరే సంగతి."

"మూడైతేనేం, ఒకటైతేనేం, అంతా ఒకటే కదమ్మా."

"ఒకటి కాదు. నన్నొక్క ఐదు నిమిషాలు లోపలికి పంపించండి. దగ్గర్నించి చూసి వచ్చేస్తాను."

"ఎవర్ని పడితే వాళ్ళని పంపడం కుదరదమ్మా."

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగింది. కళ్ళద్దాలు సర్దుకుని, నిటారుగా నడుచుకుంటూ గేటు దాటింది. కాగితం ఫైల్లోకి వెళ్ళింది.

పదకొండో కాగితం తరవాత ఆవిడ రావడం మానేసింది.

"లైట్లమ్మకి మన మీద కోపం వచ్చినట్టుంది," అనుకున్నారు.

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం చీకటి పడే వేళకి పోలీసు హెలికాప్టర్ గస్తీ ముగించుకుని వెనక్కి వస్తోంది. ఎడమవైపు నించి అంబులెన్సు హెలికాప్టర్ దూసుకొచ్చింది. అందులో రోగి ఉన్నాడు. పోలీసు పైలట్ చప్పున కిందికి దించేసింది. వెంట్రుకవాసిలో తప్పింది.

"నువ్వు కనపడనే లేదు. లైట్లెందుకు ఆర్పావు?" రేడియోలో అడిగాడు అంబులెన్సు పైలట్.

"ఆర్పలేదు. వేసే ఉన్నాయి," అంది పోలీసు పైలట్.

దిగి చూస్తే మూడూ వెలుగుతున్నాయి. లోపమేమీ లేదన్నాడు మెకానిక్.

ఈ మాట విన్నాక సార్జంటు మనసు మనసులో లేదు. మర్నాడు పొద్దున్నే ఫైలు పట్టుకుని పైలట్ దగ్గరికి వెళ్ళాడు.

ఆమె తన డైరీ పక్కన పెట్టుకుని ఒక్కో కాగితమే తిప్పింది.

"ఈ ఏడు కాగితాలూ సరే. దొంగల వెనక ఉన్నాం, నేనే ఆర్పాను." తక్కిన నాలుగింటి దగ్గర ఆగిపోయింది. "ఈ నాలుగు రోజులూ నేను ఆర్పలేదు. ఒక్క ఎరుపే పోయిందని రాశారు. నాలుగుసార్లూ నిన్నటి హెలికాప్టరే."

మెకానిక్ ఈసారి ఎడమవైపంతా విప్పాడు. లోపల ఒక తీగ తెగి ఉంది. నేల మీద ఉన్నంతసేపూ కొసలు ఆనుకునే ఉంటాయి. పైకి లేచాక ఆ అదురుకి విడిపోతాయి. లోపల కూర్చున్నవాళ్ళకి తెలిసే దారి లేదు. ఎడమవైపు నించి వచ్చేవాళ్ళకి కనపడేది ఆ ఎరుపొక్కటే.

"లైటు కూడా మార్చాలా?" అడిగింది పైలట్.

"దానికేం? పందొమ్మిదేళ్ళ నాటిది, గుండ్రాయిలా ఉంది. తీగ మారిస్తే చాలు."

ఫైల్లో ఉన్న చిరునామా పట్టుకుని ఇద్దరూ బయల్దేరారు. తలుపు తీసింది లైట్లమ్మ చెల్లెలు. యూనిఫాంలు చూసి బెదరలేదు.

"అక్కయ్య పోయి మూడు వారాలు దాటిందండీ. నిద్దట్లోనే."

పైలట్ టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"ఆవిడ రాసిందే నిజమండీ. మేమే వినిపించుకోలేదు. వినుంటే నిన్న అంత ప్రమాదం ముంచుకొచ్చేది కాదు," అన్నాడు సార్జంటు.

"కూర్చోండి." ఆవిడ కుర్చీలు చూపించింది. "ఇంతకీ ఏం తేలింది? లైటు పాడైందా?"

"లేదండీ. లైటు బంగారంలా ఉంది. లోపల తీగ తెగింది."

ఆవిడ ముఖం విప్పారింది. "నేనూ అదే చెప్పాను. అక్కయ్య వింటేనా? ఆ ఒక్క ఎరుపు వెలగలేదని కంటి నిండా నిద్రపోలేదు."

"హెలికాప్టర్ కూలుతుందని అంత భయపడ్డారా?" మెల్లిగా అడిగాడు సార్జంటు.

"ఆ భయం కూడా ఉందనుకోండి," అంది చెల్లెలు, కూర్చున్నదల్లా లేచి నిలబడి. "మీ హెలికాప్టర్లకి లైట్లు చేసే ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు మా అక్కయ్య సరిచూసి సంతకం పెడితేనే ఏ లైటైనా గడప దాటేది, అలా దాటినవాటిలో ఒక్కటి కూడా చెడిపోయిందని తిరిగి రాలేదు."