బలమైన మందు

"ఆ మందు దేనికి డాక్టర్ గారూ?"

పరదా పక్కకు నెట్టి లోపలికొచ్చింది ఓ పెద్దావిడ. వంతు ఆమెది కాదు.

చంటిబిడ్డతో కుర్చీలో కూర్చున్న తల్లి ఉలిక్కిపడింది. బిడ్డకు ముక్కు ఒకటే కారడం, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. బలమైన మందు రాయించుకోకుండా రావద్దని అత్తగారు మరీ మరీ చెప్పి పంపింది.

డాక్టరు రాయడం ఆపాడు. "యాంటీబయాటిక్. ముందుజాగ్రత్తకి."

"బిడ్డకొచ్చింది వైరస్ జలుబేనా?"

"అదే."

"దానికి ఆ మందు పనిచేస్తుందా?"

డాక్టరు తలెత్తలేదు. "చెయ్యదు."

"మొన్న మైకు పట్టుకుని సాటి డాక్టర్లకి ఏం చెప్పారు? పసివాళ్ళ పొట్టలో మేలు చేసే సూక్ష్మజీవులుంటాయి, అయినదానికీ కానిదానికీ ఈ మందులు పోసి వాటిని చంపితే రేపు ఎలర్జీలూ ఉబ్బసమూ వచ్చే అవకాశం పెరుగుతుంది అని. హాలంతా చప్పట్లే చప్పట్లు! ఆ తెలివి ఈ గది గుమ్మం దాటి లోపలికి రాదా?"

తల్లికి ఒళ్ళు మండింది. "మా బిడ్డ సంగతి మీకెందుకండీ? మీరేమైనా డాక్టరా?"

"కాదమ్మా. ఆయాసంతో ఎగపోసే పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెల్లవార్లూ గడిపినదాన్ని. అదే నా చదువు."

"మీరు రాయండి డాక్టర్ గారూ. లేదంటే పక్క వీధి డాక్టరు దగ్గరికి పోతాను."

"విన్నారుగా," అన్నాడు డాక్టరు పెద్దావిడతో నీరసంగా. "నేను రాయకపోతే ఇంకొకరు రాస్తారు. దయచేసి బయటికి వెళ్ళండి."

"వెళ్తాను. ఆ ఇంకొకరి గదిలోకీ వెళ్తాను. రేపు మళ్ళీ ఇక్కడికీ వస్తాను. బయట పేర్లు పిలిచే అమ్మాయికి నేను అలవాటే."

చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

"ఇలాంటివాళ్ళని ఎలా రానిస్తారండీ!" అంటూ తల్లి చీటీ కోసం చెయ్యి చాచింది.

డాక్టరు చీటీ ఇవ్వలేదు. సొరుగు లాగి ఇన్‌హేలర్ తీసి, నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాడు. అతని గుండెల్లో పిల్లికూతలు బల్లకి ఇవతల వరకూ వినిపించాయి.

చాచిన చెయ్యి వెనక్కి వెళ్ళింది.

అతను మందు పేరు అడ్డంగా కొట్టేశాడు.

"ముక్కులో ఉప్పునీటి చుక్కలు వెయ్యండి. పాలు పడుతూ ఉండండి. జ్వరమొచ్చినా, డొక్కలెగరేసినా, పాలు మానేసినా వెంటనే తీసుకురండి. పక్క వీధికి వెళ్తానంటే మీ ఇష్టం. నేను మాత్రం రాయను."

"దారినపోయే ఆవిడెవరో అన్నదనా?"

డాక్టరు కిటికీలోంచి చూశాడు. పెద్దావిడ అప్పటికే వీధి మలుపు తిరిగిపోయింది.

"నాకు జలుబు చేసినప్పుడల్లా డాక్టరుతో పోట్లాడి మరీ బలమైన మందు రాయించేదట. నా ఉబ్బసం దానివల్లేనని ఎవరూ ఖాయంగా చెప్పలేరని ఎంత చెప్పినా వినదు," అన్నాడు ఇన్‌హేలర్ సొరుగులో పెడుతూ. "మా అమ్మ."